మీకు తెలుసా? నెట్ సెంటర్లే ఆటస్థలాలు

హైదరాబాద్ అమీర్‌పేటలోని మైత్రీవనం అంటే కంప్యూటర్ కోర్సులే గుర్తొస్తాయి. అక్కడి నుంచి పంజాగుట్ట దాకా హాస్టళ్లలో ఉన్న కుర్రాళ్లకు ఒకప్పుడు నెట్ సెంటర్లే ఆటస్థలాలు.

• వాళ్లు జట్లుగా ఆడిన 'కౌంటర్ స్ట్రైక్' మొదట పెద్ద కంపెనీ చేసిన ఆట కాదు. 1999లో ఇద్దరు విద్యార్థులు 'హాఫ్ లైఫ్' ఆటను మార్చి తయారుచేశారు.

• నెట్ పోయినా ఆట ఆగేది కాదు. గదిలోని కంప్యూటర్లను ల్యాన్ కేబుళ్లు కలిపేవి.

• తర్వాత ఆట ఫోన్‌లోకి మారింది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం ఫోన్ ఆట 'పబ్‌జీ మొబైల్'ను నిషేధించింది. 2021 జులైలో అది 'బీజీఎంఐ'గా తిరిగొచ్చింది.

ఫోన్‌లో ప్రపంచంలో ఎవరితోనైనా ఆడొచ్చు. కానీ పక్క కుర్చీలోంచి "వెనకాల ఉన్నాడ్రా!" అని అరిచే దోస్తు ఉంటేనే ఆటకు అసలు మజా.