విత్తనం ఫోటోకు మొలకే సాక్షి

సభ్య రైతులకు మనవి.

సంఘంలో పాల వెన్నశాతం యంత్రమే చెబుతున్నది. అయినా ఆ యంత్రాన్ని అప్పుడప్పుడు గెర్బర్ పరీక్షతో సరిచూస్తాము. సరిచూడని యంత్రం తప్పినా, సరిగా ఉన్నట్లే అంకె చూపుతుంది. విత్తనాల నాణ్యతను కెమెరాతో తేల్చే యంత్రాల సంగతీ ఇంతే.

ఈ యంత్రానికి ముందుగా వేల గింజల ఫోటోలు చూపి, ఇది మంచి గింజ, ఇది విరిగినది, ఇది తాలు, ఇది కలుపు విత్తనం అని నేర్పాలి. ఇలా పేర్లు పెట్టిన ఫోటోల కూర్పును డేటాసెట్ అంటారు. పేరు తప్పయితే తీర్పూ తప్పే.

కరీంనగర్ ప్రాంతంలో రైతులు ఆడ–మగ వరి సాగు చేస్తారు. ఈ సంకర విత్తనంలో కొన్ని గింజల పొట్టు పూర్తిగా మూసుకోదు. అది ఆడ రకం స్వభావం. మామూలు వరి ఫోటోలతోనే నేర్చిన యంత్రం దీనిని పగిలిన గింజగా లెక్క కట్టవచ్చు. అప్పుడు నష్టం రైతుకే. ఆదిలాబాద్ సోయాచిక్కుడులో ఇందుకు విరుద్ధం. దాని పైపొర పలుచన. నూర్పిడిలో దెబ్బ తగిలి లోపలి మొలక చెడినా, గింజ నున్నగానే కనిపించవచ్చు. యంత్రం పాసు చేస్తుంది, చేలో మొలవదు.

కనుక ఫోటోలు సేకరించేవారు ఇవి పాటించాలి:

1. పాలను ప్లంజరుతో కలిపి నమూనా తీసినట్లే, బస్తా పైన, నడుమ, అడుగున నుండి గింజలు తీయాలి.
2. ఒకే రంగు గుడ్డపై గింజలు తగలకుండా పరచి, ఒకే ఎత్తు నుండి, ఒకే వెలుతురులో ఫోటో తీయాలి.
3. ఇద్దరు విడివిడిగా పేర్లు పెట్టాలి. తేడా వస్తే మూడవవారు చూడాలి.
4. ఫోటో తీసిన గింజలను అదే వరుసలో మొలకకు పెట్టి, ఫలితం ఫోటో పక్కన రాయాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం.
5. నేర్పిన బస్తా గింజలతోనే యంత్రాన్ని పరీక్షించరాదు. చూసిన ప్రశ్నాపత్రమే పరీక్షలో ఇస్తే అందరూ పాసే!

యంత్రం ఏమి చెప్పినా, విత్తకముందు 100 గింజలు తడి గోనెపట్టలో చుట్టి నీడన ఉంచండి. తడి ఆరనివ్వకండి. సోయాను 8వ రోజున, వరిని 14వ రోజున లెక్కించండి. ధృవీకరించిన విత్తనానికి కనీస మొలక సోయాకు 70, వరికి 80 శాతం. అంతకు తగ్గితే సంచి, చీటీ, బిల్లు భద్రపరచి వ్యవసాయాధికారికి చూపండి.