జలాశ్వ మోసిన బరువు

2021 మే 23న ఐఎన్‌ఎస్ జలాశ్వ విశాఖపట్నం చేరేసరికి దాని కడుపునిండా ఊపిరి ఉంది. బ్రూనై, సింగపూర్‌ల నుంచి తెచ్చిన 18 క్రయోజెనిక్ ఆక్సిజన్ ట్యాంకులు, 3,650 నిండు సిలిండర్లు, 39 వెంటిలేటర్లు. అవి కరోనా రెండో అల రోజులు. అంతకు నెల ముందే, ఏప్రిల్ 22న, ఇదే ఊళ్ళోని ఉక్కు కర్మాగారంలో నింపిన ట్యాంకర్లతో దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయల్దేరింది. ఉక్కు తయారీకి ఉద్దేశించిన వాయువు ఆసుపత్రులకు వెళ్ళింది. శత్రుతీరంలో సైన్యాన్ని దించడానికి కట్టిన ఓడ ఆ వాయువునే మోసుకొచ్చింది.

జలాశ్వ మొదటి పేరు ట్రెంటన్. అమెరికాలోని సియాటిల్‌లో లాక్‌హీడ్ సంస్థ కట్టింది. 1968 ఆగస్టులో నీళ్ళలోకి జారింది, 1971 మార్చిలో అమెరికా నావికాదళంలో చేరింది. పొడవు 173 మీటర్లు, నిండు బరువుతో దాదాపు 17 వేల టన్నులు. సిబ్బంది కాకుండా వెయ్యి మంది దాకా సైనికుల్ని, వాళ్ళ వాహనాలతో సహా మోయగలదు.

దీని పనితనమంతా వెనకభాగంలో ఉంది. మామూలు ల్యాండింగ్ షిప్ ముక్కు నేరుగా ఇసుకలోకి దూర్చి, తలుపు తెరిచి ట్యాంకుల్ని దించుతుంది. అందుకు తీరం అనువుగా ఉండాలి, ఒడ్డున కాల్పులు జరుగుతుంటే ఓడ మొత్తానికీ ముప్పే. జలాశ్వ ఒడ్డుకు రానక్కర్లేదు. దూరంగా సముద్రంలోనే ఆగి, తన బల్లాస్ట్ ట్యాంకుల్లోకి నీళ్ళు వదులుకుంటుంది. వెనకభాగం మెల్లగా కిందికి దిగుతుంది. తలుపు తెరిస్తే లోపలి పెద్ద గదిలోకి సముద్రం వచ్చేస్తుంది. అప్పటిదాకా పొడినేల మీద ఉన్న పడవలు సైనికులతో, వాహనాలతో తేలి, ఒకటొకటిగా బయటికి సాగిపోతాయి. పైన డెక్ మీద హెలికాప్టర్లు దిగుతాయి. పోర్టు ధ్వంసమైనా, జెట్టీ కూలిపోయినా ఈ ఓడ పని ఆగదు. యుద్ధానికి పనికొచ్చే ఈ గుణమే తుపాను, సునామీ వేళల్లోనూ అక్కరకొస్తుంది.

ట్రెంటన్‌గా అది చూసిన సంఘర్షణలు తక్కువేమీ కాదు. 1983 అక్టోబరులో లెబనాన్‌కు వెళ్తున్న మెరీన్ సైనికులతో ఉండగా దారి మళ్ళించి గ్రెనడా దండయాత్రకు పంపారు. అది ముగిశాక బీరూట్ చేరింది. 1988 ఏప్రిల్‌లో పర్షియన్ గల్ఫ్‌లో ఇరాన్ చమురు వేదిక మీద జరిగిన దాడిలో దీని మీది మెరీన్లు పాల్గొన్నారు.

కానీ ఆ ఓడ చరిత్రలో అన్నిటికన్నా గుర్తుంచుకోదగ్గది 1991 జనవరి. సోమాలియా రాజధాని మొగదిషు అంతర్యుద్ధంలో తగలబడుతోంది. అక్కడి అమెరికా ఎంబసీలో చిక్కుకున్నవారిని తేవడానికి ట్రెంటన్ మీద నుంచి రెండు భారీ హెలికాప్టర్లు లేచాయి. గమ్యం దాదాపు 860 కిలోమీటర్ల దూరం. చీకట్లో, ఆకాశంలోనే ఇంధనం నింపుకుంటూ వెళ్ళాయి. ట్రెంటన్, దాని తోటి నౌక గ్వామ్ కలిసి 30 దేశాలకు చెందిన 281 మందిని బయటపడేశాయి.

మన నావికాదళానికి ఇలాంటి ఓడ అవసరం ఉందని చేదు అనుభవాలే చెప్పాయి. 1971 డిసెంబరులో కాక్స్‌బజార్ తీరంలో సైన్యాన్ని దించబోతే లోతు అంచనా తప్పి, కొందరు జవాన్లు నీళ్ళలో మునిగిపోయారు. 2004 సునామీలో అండమాన్ దీవుల జెట్టీలు దెబ్బతిన్నప్పుడు ఒక్కసారిగా భారీ సామగ్రిని మోసి, ఒడ్డుకు చేర్చగల పెద్ద నౌక లేకపోయింది. ఆ తర్వాతే సుమారు 5 కోట్ల డాలర్లకు ట్రెంటన్‌ను కొన్నారు. 2007 జనవరి 17న అమెరికా జెండా దిగింది, జూన్ 22న నార్‌ఫోక్‌లో జలాశ్వగా మన జెండా ఎగిరింది, సెప్టెంబరులో విశాఖ చేరింది.

పాత ఓడ కొనడం సరైనదేనా అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. 2008లో కాగ్ నివేదిక ఆ కొనుగోలును తప్పుపట్టింది. అదే ఏడాది ఫిబ్రవరిలో హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు లీకై, ఓడలోని నావికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ మరణాలను పక్కనపెట్టి ఈ ఓడ కథ చెప్పడం న్యాయం కాదు. అయితే తర్వాతి ఏళ్ళలో అది చేసిన సేవ చూస్తే కొనుగోలు వృథా పోలేదనే అనాలి.

2020 మే 8న మాల్దీవుల రాజధాని మాలె నుంచి 698 మంది భారతీయుల్ని ఎక్కించుకుని, రెండు రోజుల్లో కొచ్చి చేర్చింది. వాళ్ళలో 19 మంది గర్భిణులు. కరోనాతో విమానాలు ఆగిపోయి, ఉద్యోగాలు పోయి, తిరిగొచ్చే దారి దొరకనివాళ్ళకు ఆ యుద్ధనౌకే ఇల్లు చేర్చే బస్సయింది. తర్వాత కొలంబో నుంచి, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ నుంచి కూడా జనాన్ని తీసుకొచ్చింది. సముద్ర సేతు పేరిట మన నౌకలు వెనక్కి తెచ్చిన 3,992 మందిలో ఎక్కువమంది ఎక్కింది జలాశ్వే. సైనికుల కోసం వేసిన బంకుల మీద పసిపిల్లల తల్లులు, కూలికెళ్ళినవాళ్ళు నిద్రపోయారు.

ఇంత చేసినా దానికి తోడులేదు. ఇలాంటివి నాలుగు కట్టించుకోవాలని నావికాదళం అనుకుంది. మొదటి ఆలోచన ప్రకారం వాటిలో రెండు విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లోనే కట్టాలి. 1948లో నెహ్రూ చేతుల మీదుగా జల ఉష అనే ఓడ నీళ్ళలోకి దిగిన యార్డు అది. అక్కడి కార్మికులకు అలాంటి పని దశాబ్దాల నైపుణ్యాన్ని నిలబెట్టి ఉండేది. 2013లో పిలిచిన టెండరు ఏళ్ళ తరబడి నలిగి, చివరికి 2020లో రద్దయింది. ఇంత పొడవైన తీరం, తుపాన్లు తరచూ తాకే బంగాళాఖాతం, నడిసముద్రంలో దీవులు ఉన్న దేశం ఈ అవసరాన్ని ఇన్నాళ్ళు వాయిదా వేయడం మంచిది కాదు.

ఈలోగా పాత ఓడే పని చేస్తోంది. 2019 నవంబరులో అమెరికా దళాలతో మొదటి టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు విశాఖ, కాకినాడల్లో జరిగినప్పుడు కాకినాడ తీరంలో సైన్యాన్ని దించింది. 2025 ఏప్రిల్‌లో అవే విన్యాసాలకు మళ్ళీ వెళ్ళింది. అప్పటికి దాని వయసు 54 ఏళ్ళు.