బ్లూబెర్రీ కేకులో ఆకుపచ్చ మచ్చలు

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో మా చెల్లెలి కుటుంబం ఉంటున్నది. అక్కడ జూన్ నెలాఖరు నుండి జూలై అంతా బ్లూబెర్రీ కోతల కాలం. ఎవరైనా సరే తోటకు వెళ్ళి, బుట్ట చేతపట్టుకొని, తమకు కావలసినన్ని పండ్లు తామే కోసుకొని, తూకం వేయించి డబ్బు చెల్లించి తెచ్చుకోవచ్చు. తొమ్మిదవ తరగతి చదువుతున్న మా మేనకోడలు అలా తెచ్చిన పండ్లతో పన్నెండు చిన్న కేకులు చేసింది. వాటిని అక్కడివారు మఫిన్లు అంటారు. వంటసోడా చెప్పినదానికి రెట్టింపు వేస్తే కేకులు కూడా రెట్టింపు పొంగుతాయని ఆ పిల్ల అనుకున్నది. పొంగటం పొంగాయి. కాని ఒకదానిని విరిచి చూసేసరికి, ప్రతి పండు చుట్టూ బూజు పట్టినట్లు ఆకుపచ్చని వలయం! పన్నెండు కేకులూ చెత్తబుట్టలో పడ్డాయి. "మామయ్యా, పొద్దున కోసిన పండుకు మధ్యాహ్నానికే, అందులోనూ అంత వేడిలో, బూజు ఎలా పడుతుంది?" అని నన్ను ఫోనులో అడిగింది.

ప్రశ్నలోనే సగం జవాబు ఉన్నది. బూజు అంత వేడిలో బ్రతకదు. అది బూజు కాదు. మరి ఏమిటి? ఈ సంగతి తెలియాలంటే ముందు ఆ పండు ఎటువంటిదో తెలుసుకోవాలి.

బ్లూబెర్రీ ఉత్తర అమెరికా ఖండపు పొద. హిమాలయాలలో ఎర్రగా పూచే రోడోడెండ్రాన్ చెట్టుకు ఇది దగ్గర చుట్టం. పండు శనగగింజంత మొదలుకొని చిన్న రేగుపండంత వరకు ఉంటుంది. దాని కొనను చూస్తే అయిదు రేకుల నక్షత్రం వంటి చిన్న కిరీటం కనిపిస్తుంది. పువ్వుగా ఉన్నప్పటి రక్షకపత్రాలు అలా మిగిలిపోతాయి. మెయిన్ రాష్ట్రంలో మోకాలి ఎత్తుకైనా రాని పొదలు బీళ్ళలో తమంతట తామే వ్యాపిస్తాయి. వాటి పండ్లు చిన్నవి, ఆగస్టులో కోతకు వస్తాయి. న్యూజెర్సీ తోటలలోనివి మనిషి ఎత్తు పెరిగే పొదలు, వాటి పండ్లు పెద్దవి.

ఈ పెద్ద పండు తోటలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. అడవినుండి పొదను పెకలించి తెచ్చి, మంచి ఎరువు వేసిన తోటమట్టిలో నాటితే అది ఎండిపోయేది. ఫ్రెడరిక్ కోవిల్ అనే ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని పరీక్షించి, 1910లో కారణాన్ని ప్రకటించాడు. సాధారణ పంటలకు సరిపడే నేల దీనికి సరిపడదు. దీనికి బాగా ఆమ్లగుణం గల పుల్లని నేల కావాలి. ఆ వ్యాసం న్యూజెర్సీలో వైట్స్‌బాగ్ అనేచోట ఉన్న ఎలిజబెత్ వైట్ అనే మహిళ కంటబడింది. ఆమె అడవులలో తిరిగేవారికి డబ్బిచ్చి, పెద్ద పండ్లు కాచే పొదలను వెదికించింది. కోవిల్ వాటిని సంకరపరచాడు. 1916లో తోటలో పండించిన పండు మొదటిసారిగా అంగడికి వచ్చింది. ఆమ్లం అనే మాట ఇక్కడే మొదలయిందని పాఠకులు గమనించాలి. ఈ పండు కథ అంతా దానితోనే నడుస్తుంది.

ఇక రంగు సంగతి. బ్లూబెర్రీని చేత్తో గట్టిగా రుద్దితే పైనున్న బూడిదవంటి పూత పోయి, నల్లని తొక్క బయటపడుతుంది. తొక్కను నలిపితే వచ్చే రసం నీలం కాదు, ఎర్రఛాయగల ఊదారంగు. అయితే ఆ నీలం ఎక్కడిది? ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో దీనికి జవాబు చెప్పారు. పండుమీది పూత మైనం. ఆ మైనానికి స్వతహాగా రంగు లేదు. కాని అతి సూక్ష్మమైన దాని నిర్మాణం వెలుతురులోని నీలికిరణాలను, మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను వెదజల్లుతుంది. వారు ఆ మైనాన్ని కరిగించి తీసి, మరొకచోట తిరిగి గట్టిపడేటట్లు చేస్తే, సుమారు రెండు మైక్రాన్ల మందంగల పొర కూడా నీలంగానే కనిపించింది. కనుక పండుమీది నీలం వేరు, పండులోని రంగు వేరు. పొయ్యి వేడికి మైనం కరిగేసరికి మొదటిది పోతుంది. కేకులో మనం చూసేది రెండవదే.

ఆ రెండవ రంగు పేరు ఆంథోసయనిన్. ఇది ఒకే పదార్థం కాదు, ఒక కుటుంబం. మన నేరేడుపండు, మందారపువ్వు, ఎర్రక్యాబేజీ, నల్లద్రాక్ష, శంఖపుష్పం, వీటన్నిటి రంగు ఈ కుటుంబానిదే. దీని స్వభావం విచిత్రమైనది. ఆమ్లంలో ఎర్రగా ఉంటుంది, ఆమ్లం తగ్గినకొద్దీ ఊదాగా, క్షారం చేరితే నీలంగా మారుతుంది. క్షారం ఇంకా ఎక్కువైతే అణువులు కొన్ని విచ్చుకొని పసుపురంగు పదార్థంగా మారతాయి. నీలం, పసుపు కలిస్తే ఏ రంగు వస్తుందో బొమ్మలకు రంగులు వేసే పిల్లలెవరైనా చెబుతారు.

ఇది కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. రాబర్ట్ బాయిల్ 1664లో రంగులను గురించి వ్రాసిన గ్రంథంలో, వయొలెట్ పువ్వుల రసం ఆమ్లంతో ఎర్రబడుతుందనీ, క్షారంతో ఆకుపచ్చబడుతుందనీ వర్ణించాడు. మా మేనకోడలు కేకులో చూసి భయపడిన ఆకుపచ్చ బాయిల్ తన గాజుపాత్రలో చూసి సంతోషించిన ఆకుపచ్చే! తరువాత 1913 ప్రాంతంలో విల్‌ష్టేటర్ అనే జర్మన్ రసాయనశాస్త్రజ్ఞుడు, ఎర్రగులాబీలోను, నీలిరంగు కార్న్‌ఫ్లవర్ పువ్వులోను ఉన్న రంగుపదార్థం ఒక్కటేనని చూపి అందరినీ ఆశ్చర్యపరచాడు. మొక్కల రంగులమీద చేసిన కృషికి 1915లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. ఒక పువ్వు రసం ఆమ్లం, రెండవదాని రసం క్షారం, అందుకే ఈ భేదం అని ఆయన ఊహించాడు. ఈ ఊహమాత్రం నిలవలేదు. ఆ నీలిపువ్వులో రంగు అణువులను ఇనుము, మెగ్నీషియం, కాల్షియం అయాన్లు పట్టి ఉంచటంవల్ల నీలం వస్తున్నదని 2005లో దాని నిర్మాణం బయటపడిన తరువాత స్పష్టమయింది. పూత లేని ఇనుపపాత్రలోనో, అల్యూమినియం పాత్రలోనో బ్లూబెర్రీలను ఉడికిస్తే రంగు మాసి బూడిద నీలంగా మారటానికి కూడా ఇటువంటి లోహాల చేరికే కారణం. గాజుపాత్రగాని, స్టీలుపాత్రగాని మేలు.

ఇప్పుడు పొయ్యి దగ్గరకు వద్దాం. బ్లూబెర్రీ రసం పి.హెచ్. సుమారు 3 మొదలు 3.5 వరకు ఉంటుంది. అనగా పండు పుల్లనిదే, తీపి ఆ పులుపును కప్పివేస్తుంది. పచ్చిపండులో రంగు తొక్కలోని జీవకణాలలో భద్రంగా ఉంటుంది. లోపలి గుజ్జు తెల్లగా, కొంచెం ఆకుపచ్చఛాయతో ఉంటుంది. వేడెక్కినప్పుడు కణాల పొరలు చెడి, రంగు రసంతోపాటు బయటికి వచ్చి చుట్టూ ఉన్న పిండిలోకి ఇంకుతుంది. ఆ పిండి పుల్లనిదైతే ఊదారంగు. ఆ పిండిలో ఖర్చుకాని వంటసోడా మిగిలి ఉంటే?

వంటసోడా సోడియం బైకార్బొనేటు. అది ఆమ్లంతో కలిసి బొగ్గుపులుసు వాయువును ఇస్తుంది. ఆ వాయువు బుడగలే కేకును పొంగిస్తాయి. ఆమ్లం చాలకపోతే మిగిలిన సోడా వేడికి విడిపోయి, కొంత వాయువును ఇచ్చి, సోడియం కార్బొనేటుగా, అనగా చాకలిసోడాగా మారుతుంది. ఇది వంటసోడాకంటె ఎంతో తీవ్రమైన క్షారం. కేకుకు సబ్బురుచి వచ్చేది దీనివల్లనే. పండు చుట్టూ ఆకుపచ్చ వలయం వచ్చేది కూడా దీనివల్లనే. ఆ రంగువల్ల హాని ఏమీ లేదు. పారవేసిన పన్నెండు కేకులూ రుచి చెడినవే గాని విషం కావు.

అయితే సోడా ఎంత వేయాలి? ఇక్కడ లెక్క చాలా సులభం. ఆ దేశంలో ఈ కేకులకు పుల్లని చిక్కటి మజ్జిగ వాడతారు. అందులో నూటికి సుమారు 0.8 నుండి 0.9 వంతు లాక్టికామ్లం ఉంటుంది. 240 మిల్లీలీటర్ల గిన్నెడు మజ్జిగలో ఆమ్లం రెండు గ్రాములన్నమాట. లాక్టికామ్లపు అణుభారం 90, వంటసోడాది 84. ఒక అణువుకు ఒక అణువు చొప్పున అవి కలుస్తాయి గనుక, రెండు గ్రాముల ఆమ్లానికి దాదాపు రెండు గ్రాముల సోడా చాలు. అర టీస్పూను సోడా రెండు గ్రాములకు కొంచెం పైన తూగుతుంది. గిన్నెడు మజ్జిగకు అర టీస్పూను సోడా అని అక్కడి గృహిణులు తరతరాలుగా పాటిస్తున్న కొలత ఇదే! తూనికలు లేని వంటింటిలో ఈ కొలత ఎలా కుదిరిందో చూస్తే ముచ్చట వేస్తుంది. కాని దీనిని మన ఇంట ప్రయత్నించేవారు ఒక సంగతి మరువరాదు. మనం త్రాగే మజ్జిగలో నీళ్ళే ఎక్కువ. దానిలో అంత ఆమ్లం ఉండదు. పుల్లని పెరుగును కొద్దిపాటి నీళ్ళతో చిలికి వాడాలి.

సోడా బదులు బేకింగ్ పౌడరు వేస్తే చిక్కు తగ్గుతుంది. అందులో సోడాకు తగిన ఆమ్లలవణం కలిపే ఉంటుంది. ఏది వేసినా మైదాతో కలిపి బాగా జల్లించాలి. జల్లించకపోతే సోడా ఉండలుగా మిగిలి, మొత్తంమీద కొలత సరిపోయినా అక్కడక్కడ మచ్చలు పడతాయి.

పండ్లను చిట్టచివర వేసి గరిటెతో రెండు మూడుసార్లు మాత్రమే కలపాలి. ఎక్కువ కలిపితే పండ్లు చిట్లి పిండి అంతా మాసిపోతుంది. పండ్లు అడుగుకు దిగకుండా మైదా అద్దాలని చాలామంది చెబుతారు. దీనివల్ల ప్రయోజనం కొద్ది. పిండి పలుచగా ఉంటే మైదా అద్దినా పండు మునుగుతుంది, చిక్కగా ఉంటే అద్దకపోయినా నిలుస్తుంది. పిండి గరిటెనుండి జారక ముద్దగా పడేటంత చిక్కగా ఉండాలి. 190 నుండి 200 సెంటిగ్రేడు డిగ్రీల వేడిగల ఓవెనులో చిన్నకేకులు ఇరవై, ఇరవైఅయిదు నిమిషాలలో తయారవుతాయి. ఓవెనులో అంత వేడి ఉన్నా, తడి ఉన్నంతవరకు కేకు లోపల వేడి నూరు డిగ్రీలు దాటదు.

అక్కడివారు వేసవిలో చేసే మరొక వంటకం పై అనేది. మైదా, వెన్న కలిపి వత్తిన రెండు రొట్టెల మధ్య తీపి కలిపిన పండ్లు పెట్టి కాలుస్తారు. అడవి బ్లూబెర్రీ పైని మెయిన్ రాష్ట్రం 2011లో తన అధికార మిఠాయిగా చట్టం చేసింది. మిఠాయికి చట్టమా అని నవ్వవచ్చు గాని, చిన్నపండుకు ఆ గౌరవం తగినదే. గోళం వ్యాసం సగమైతే, అంతే బరువుగల పండ్లకు తొక్క వైశాల్యం రెట్టింపవుతుంది. రంగు తొక్కలో ఉన్నది గనుక చిన్నపండ్ల పైకి రంగు ఎక్కువ. పండులో నూటికి 84 వంతులు నీరే. ఆ నీరు కారిపోకుండా మొక్కజొన్న గంజిపిండి కలుపుతారు. ఆ పిండిరేణువులు 62 - 72 డిగ్రీల మధ్య ఉబ్బటం మొదలుపెట్టినా, రసం కుతకుత ఉడికేదాకా పూర్తిగా చిక్కబడదు. అందుకే పైరొట్టెలో కోసిన గాట్లనుండి రసం ఉడుకుతూ కనిపించిన తరువాతే పైని దించుతారు. వేడివేడిగా కోస్తే రసం పారిపోతుంది. కొన్ని గంటలు చల్లారనిస్తే గంజి గట్టిపడినట్లు గట్టిపడుతుంది. కొంచెం నిమ్మరసం రంగును ఎర్రగా, తేటగా చేస్తుంది. ఎక్కువైతే ఆమ్లం పిండిపదార్థపు గొలుసులను తెంచి రసాన్ని మళ్ళీ పలుచన చేస్తుంది.

మా మేనకోడలికి నేను చెప్పిన పరీక్ష ఇది. అనుమానం కలిగిన ఆకుపచ్చ వలయంమీద ఒక చుక్క నిమ్మరసం వేయాలి. అది గులాబీ రంగుకో, ఊదాకో తిరిగితే పండు రంగే. బూజు అలా మారదు. బూజు చేసిన రోజున రాదు, నిలవ ఉంచిన కేకుమీద, నూగులాగా, ముక్కవాసనతో వస్తుంది. అటువంటిదానిని మాత్రం నిస్సందేహంగా పారవేయవలసిందే.

బ్లూబెర్రీలు ఇప్పుడు హైదరాబాదు అంగళ్ళలో దొరుకుతున్నా, ధర ఎక్కువ. పాఠశాలలో ఈ పరీక్షకు నేరేడుపండ్లు చాలు. జూన్, జూలైలలో అయిదారు పండ్ల తొక్కలు గోరువెచ్చని నీటిలో నానవేసి, గుడ్డతో వడకట్టి, మూడు గాజుగ్లాసులలో పోయాలి. మొదటిదానిలో నిమ్మరసం పిండాలి, రెండవదానిని అలాగే ఉంచాలి, మూడవదానిలో చిటికెడు వంటసోడా వేయాలి. మూడు రంగులు వస్తాయి. తరువాత మూడవగ్లాసులోకి నిమ్మరసం కొద్దికొద్దిగా పోస్తే బుసబుస పొంగి, రంగు వెనుకకు తిరుగుతుంది. గంటసేపు ఆలస్యం చేసి పోస్తే అంతగా తిరగదు. విచ్చుకొన్న అణువులు చాలావరకు అప్పటికే చెడిపోయి ఉంటాయి.

రెండవసారి మా మేనకోడలు మజ్జిగ కొలిచి, సోడా కొలిచి పదకొండు కేకులు చేసింది. పన్నెండవదానిలో కావాలనే సోడా ఎక్కువ వేసి, బడికి ఒక నిమ్మకాయతో సహా పట్టుకుపోయింది.