పశువు దాకా చేరే మాంసకృత్తులు

శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు కనిపిస్తాయి. 1999లో మొదలైన ఈ ప్రాంతానికి టీకాలు పేరు తెచ్చాయి. పంటల జన్యువుల మీద పనిచేసిన డ్యుపాంట్ కంపెనీ పరిశోధన కేంద్రం కూడా ఇక్కడే వెలిసింది. చుట్టుపక్కల పాడి రైతు గేదె ముందు వేసేది మాత్రం చాలావరకు వరిగడ్డే. అందులో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లు. ఆ లోటు పూడ్చడానికి చెక్క, తవుడు, దాణా కొనాలి. పాల డబ్బులో పెద్ద వాటా అక్కడికే పోతుంది. మరి పచ్చిమేతలోనే మాంసకృత్తులు పెంచితే?

పెంచినంత మాత్రాన అవి పశువుకు దక్కవు. నెమరువేసే జంతువు పొట్టలోని మొదటి గది రూమెన్. అక్కడి సూక్ష్మజీవులు మేతలోని మాంసకృత్తులను విడగొట్టి అమ్మోనియాగా మారుస్తాయి, దానితో తమ ఒళ్లు పెంచుకుంటాయి. తర్వాత పశువు ఆ సూక్ష్మజీవులనే అరిగించుకుంటుంది. వాటికి పట్టని అమ్మోనియా కాలేయంలో యూరియాగా మారి, ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది. లూసర్న్ అనే మంచి పచ్చిమేతలో మాంసకృత్తులు 20 శాతం దాకా ఉన్నా, చాలా భాగం రూమెన్‌లోనే కరిగిపోతుంది.

కాబట్టి కావలసింది రూమెన్‌ను తట్టుకుని ముందుకు సాగే మాంసకృత్తి. పొద్దుతిరుగుడు గింజలో అలాంటిది ఒకటుంది. గంధకం గల అమైనో ఆమ్లాలు, ముఖ్యంగా మెథియోనిన్, అందులో దండిగా ఉంటాయి. ఉన్ని పెరగడానికి గంధకం కావాలి గనుక ఆస్ట్రేలియాలోని సి.ఎస్.ఐ.ఆర్.ఓ. పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దాని జన్యువును క్లోవర్ అనే మేతమొక్క ఆకుల్లోకి చేర్చారు. ఆకు కణంలోని రిక్తికకు చేరితే కొత్త మాంసకృత్తి అక్కడి ఎంజైములకు బలైపోతుంది. అందుకే అది కణంలోని అంతర్జీవ ద్రవ్యజాలంలోనే నిలిచిపోయేలా చివర చిన్న గుర్తు తగిలించారు. ఈ ఉపాయం నాకు ఎంతో నచ్చింది. ఇదే జన్యువును లూపిన్ అనే పప్పుజాతి పంట గింజలో పెట్టినప్పుడు మెథియోనిన్ దాదాపు రెట్టింపైంది. ఆ గింజలు తిన్న మెరినో గొర్రెల్లో ఉన్ని 8 శాతం, బరువు పెరుగుదల 7 శాతం మెరుగైనట్లు 2001లో ప్రకటించారు.

ఇలాంటి పనిలో జాగ్రత్త ఎంత అవసరమో సోయాచిక్కుడు కథ చెబుతుంది. పశువుల దాణా కోసం పయనీర్ కంపెనీ అందులో బ్రెజిల్ నట్ జన్యువు పెట్టింది. ఆ గింజ పడనివాళ్లకు కొత్త సోయా కూడా పడదని 1996లో పరీక్షల్లో తేలింది. పశువుల కోసం పండించిన గింజ మనుషుల తిండిలో కలవకుండా ఆపడం కష్టం. కంపెనీ ఆ పంటను మార్కెట్‌లోకి తేకుండానే వదిలేసింది. ముందుగా పరీక్షించడం వల్లే ప్రమాదం తప్పింది. మన దగ్గరా ఏ మేతకైనా ఈ పరీక్ష ఉండి తీరాలి.

మన దేశంలో రైతులు అనుమతితో వాణిజ్యంగా పండిస్తున్న జన్యుమార్పిడి పంట బీటీ పత్తి ఒక్కటే, 2002 నుంచి. దాని గింజల చెక్కను మన గేదెలు తింటూనే ఉన్నాయి. అయితే ఆ మార్పు కాయతొలుచు పురుగును ఆపడానికి చేసింది, పోషణ పెంచడానికి చేసింది కాదు.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్, అంతర్జాతీయ పశుపరిశోధన సంస్థతో కలిసి వేరే దారి పట్టింది. గింజ దిగుబడి తగ్గకుండా మంచి చొప్ప ఇచ్చే జొన్న, మంచి కట్టె ఇచ్చే వేరుశనగ రకాలను ఏరింది. జన్యుమార్పిడి మేత మన పొలానికి వచ్చేదాకా పాడి రైతు ఆగనక్కర్లేదు. మొక్కజొన్నలో అలసంద కలిపి చల్లుకోవచ్చు, గట్ల మీద దశరథ గడ్డి పెంచుకోవచ్చు. శాస్త్రవేత్తలు మాత్రం ఉన్ని కోసం సాగిన ఆ పనిని గేదె పాల కోసం మళ్లీ మొదలుపెట్టాలని నా కోరిక. మన పశువుల్లో, మన వరిగడ్డితో కలిపి మేపి చూసిన ఫలితాలు కావాలి.