గణకయంత్ర సముదాయమున స్నేక్‌మేక్ స్థాపనము

ముద్రితగ్రంథముల పుటలను ఛాయాచిత్రములుగాఁ దీసి, వానినుండి గణకయంత్రముచే నక్షరములను గుర్తింపఁజేసి, పదసూచికను గూర్చుట నేఁడు సాధ్యమైనది. తెలుఁగు లిపి నెఱిఁగిన టెస్సెరాక్ట్ అను ఉపకరణము ఇందుల కుపయోగపడును. పుటలు వేలకొలఁది యైనచో నొక్క యంత్రము చాలదు, యంత్రసముదాయము కావలయును. ఇట్టి పనిలో నేనొకమాఱు సగము పుటలను ఉపకరణముయొక్క పాతకూర్పుతోను, తక్కినవానిని క్రొత్తకూర్పుతోను నడిపించితిని. ఒకే పదము సూచికయందు రెండు రూపములతోఁ గానవచ్చెను. అది గ్రంథమునందలి పాఠభేదమో, యంత్రదోషమో తేల్చుట కాధారము లేక, పనియంతయు మఱలఁ జేయవలసివచ్చెను. ఇట్టి చిక్కును దొలఁగించు సాధనములలో స్నేక్‌మేక్ యొకటి.

దీనిని యోహానెస్ క్యోస్టర్, స్వెన్ రాహ్మాన్ అను వారు 2012లోఁ బ్రకటించిరి. 1976లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ బెల్ ప్రయోగశాలలో నిర్మించిన మేక్ అను సాధనము దీనికి మార్గదర్శకము. మేక్ అనఁగా నాంగ్లమునఁ జేయుట. స్నేక్ అనఁగా సర్పము, పైథాన్ అను యంత్రభాషకు సూచకము. మన మేకతో దీనికిఁ బ్రసక్తి లేదు. ఇందు నియమమునకు సామాన్యముగా మూఁడంగములు: కావలసిన సామగ్రి, కలుగు ఫలము, చేయు క్రియ. కడపటి ఫలమును గోరినచో, ఏ నియమము దేనికి ముందో సాధనము తానే నిర్ణయించుకొనును. వ్రాసిన క్రమమే ప్రవర్తించు క్రమము కాదు. పాణినీయము చదివినవారి కీమాట క్రొత్త కాదు. భేద మొకటి కలదు. తుల్యబలములైన సూత్రములు రెండొకచోటఁ బ్రాప్తించినచోఁ బాణిని మతమునఁ బరసూత్రము ప్రవర్తించును. స్నేక్‌మేక్ సందేహమును దెలిపి నిలిచిపోవును. బలాబలములను మనమే చెప్పవలయును.

ఇఁక స్థాపనము. మనము ప్రవేశించునది సముదాయముయొక్క ద్వారయంత్రము. బరువైన పనులు లోపలి కార్యయంత్రములకే తగును. వానికిఁ బనులను బంచిపెట్టునది పెక్కుచోట్ల స్లర్మ్ అను నిర్వాహకము. సముదాయము మన సొత్తు కాదు గనుక సర్వసాధారణస్థానమున స్థాపించు నధికారము మనకుండదు. దాని యవసరమును లేదు. మినీఫోర్జ్ మూలమునఁ గోండా అను సాధనమును మన స్థలముననే యుంచుకొని, దానిచేఁ బ్రత్యేకావరణము నొకదానిఁ గల్పించి, కోండాఫోర్జ్, బయోకోండా భాండారములనుండి స్నేక్‌మేక్‌ను దెప్పింపవలయును. 8వ కూర్పునుండి స్లర్మ్‌తో వ్యవహరించు భాగము వేఱు చేయఁబడినది. దానిని గూడ నదే యావరణమునఁ జేర్పవలయును.

స్థలనిర్ణయమున జాగ్రత్త కావలయును. ఆవరణము వేలకొలఁది చిన్నదస్త్రములతోఁ గూడినది. గృహస్థానమునఁ బరిమితి యుండుట కలదు. కాఁబట్టి కార్యయంత్రము లన్నిటికిని గానవచ్చు విశాలస్థానమున దాని నుంచుట మేలు. ఒక్క ద్వారయంత్రమునకే కానవచ్చుచోట నుంచినచో లోపలియంత్రములకు సాధనము దొరకదు. కార్యయంత్రములకు బాహ్యజాలము లేకుండుటయుఁ గలదు. కనుక నియమములకుఁ గావలసిన యావరణములను ముందుగనే సిద్ధపఱచుకొనవలయును.

పిమ్మట శుష్కపరీక్ష చేయవలయును. ఇందుఁ బనులు జరుగవు. ఏవి జరుగనున్నవో మాత్రము తెలియును. పది పుటలతోఁ బ్రయత్నించి, కాలమును జ్ఞాపకపరిమాణమును గుర్తించి, తరువాతనే వేలపుటలకుఁ బూనవలయును. పనులు ముగియుదాఁక స్నేక్‌మేక్ నడుచుచుండవలయును గాన, మన సంబంధము తెగినను అది నిలువకుండ టీమక్స్ వంటి దానిలో నుంచుట మంచిది. ద్వారయంత్రమున నట్లుంచుటకు ననుమతి కలదో లేదో నిర్వాహకుల నడిగి తెలిసికొనవలయును.

స్థాపనముతోఁ బని ముగియలేదు. ఉపకరణముల పేళ్లను గూర్పుసంఖ్యలతోఁ గూడ నొక పత్రమున వ్రాసి, నియమపత్రముతోఁ జేర్చి భద్రపఱుపవలయును. నాకాఁడు లోపించిన దదియే. పదసూచికలోని రూప మొకటి నిఘంటువున కెక్కవలయునన్న, అది యేపుటనుండి యేక్రియచే వచ్చెనో మఱియొకఁడు మఱల సాధించి చూడఁగలుగవలయును. ప్రక్రియ చూపని రూపమును వైయాకరణుఁ డంగీకరింపఁడు. యంత్ర మిచ్చిన రూపమునకును ఆ న్యాయమే చెల్లును.