కణాంతర్గత స్నేహవాహకములు

నూనె నీటిలో కలియదనుట అందఱు నెఱిగిన విషయమే. జీవకణమునకు మాత్రము ఇదియే పెద్ద చిక్కు. కణమును, అందలి అంగములను ఆవరించియుండు త్వచములు ముఖ్యముగా లిపిడ్లనెడు కొవ్వుజాతి పదార్థములతోను, మాంసకృత్తులతోను ఏర్పడినవి. సంస్కృతమున స్నేహశబ్దమునకు చెలిమియే గాక చమురనియు నర్థము కలదు. కావున లిపిడ్లను స్నేహద్రవ్యములని వ్యవహరించుచున్నాను. వీనిలో పెక్కింటికి పుట్టినిల్లు అంతర్జీవద్రవ్యజాలము. అచ్చటినుండి అవి మైటోకాండ్రియాను, గాల్జీ సముదాయమును చేరవలెను. నడుమ నున్నది జలమయమైన కణద్రవము.

జాలమునుండి చిన్నతిత్తులు విడివడి వేఱొక త్వచమున లీనమగుట యొక మార్గము. అది చాలదు. 1968లో విర్ట్జ్, జిల్వర్‌స్మిట్ అను శాస్త్రజ్ఞులు కాలేయమునుండి తీసిన మైటోకాండ్రియాకును, జాలపు తునకలకును నడుమ జరుగు ఫాస్ఫోలిపిడ్ల మార్పిడి, కణద్రవమును చేర్చినచో త్వరితమగునని చూపిరి. అందు పనిచేయునవి మాంసకృత్తులే. తొలుత వానిని 'వినిమయ' మాంసకృత్తులనిరి. పిమ్మట 'బదిలీ' మాంసకృత్తులన్న పేరు వ్యాపించినది.

2003లో జపానున హనాదా బృందము ప్రకటించిన 'సెర్ట్' వీనికి చక్కని యుదాహరణము. ఇది సెరమైడను స్నేహాణువును నీరు సోకని తన గర్భకుహరమున దాచుకొనును. దీని యందొక భాగము జాలమును పట్టుకొనును. మఱియొకటి గాల్జీ త్వచమును గుర్తించును. గాల్జీలో సెరమైడు స్ఫింగోమైలినుగా మాఱును. పాఠ్యపుస్తకముల బొమ్మలలో ఈ అంగములు సముద్రమున ద్వీపములవలె దూరదూరముగ కన్పట్టును గాని, ఆ చిత్రణము మనలను తప్పుదారి పట్టించును. అవి చేరువైన తావులలో ఎడము 10 మొదలు 30 నానోమీటర్లు మాత్రమే.

ఓ.ఎస్.బి.పి. అనునది ఇంకను విచిత్రమైనది. కొలెస్ట్రాలును గాల్జీకి చేర్చి, మరలునప్పుడు రిక్తహస్తములతో రాదు, పి.ఐ.4.పి. అను ఫాస్ఫోలిపిడును జాలమునకు తెచ్చును. జాలములోని యొక ఎంజైము దానిని ఎప్పటికప్పుడు మార్చివేయుటచే అచ్చట దానికి నిత్యము కొఱతయే. ఆ కొఱతయే కొలెస్ట్రాలు ప్రయాణమునకు చోదకశక్తి యని 2013లో వెల్లడియైనది. వెనుక విడిచిన 'వినిమయ' శబ్దమే దీనికి చక్కగ నొప్పును!

ఇవి ఒక్కొక్క యణువును దాటించు దోనెలు. వి.పి.ఎస్.13 కుటుంబము అట్టిది కాదు. ఇవి ఒకేసారి అనేక స్నేహాణువులను పట్టగలవని 2018లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపిరి. 2020లో వీనియందు పొడవైన గాడి కానవచ్చినది. రెండు త్వచములను కలుపు వంతెనవలె నిలిచి, అణువులను ఆ గాడివెంట జాఱనిచ్చునన్నమాట. కావున నా శీర్షికలోని 'వాహక' శబ్దము వీనికి పూర్తిగ చాలదని యొప్పుకొనవలసియున్నది. 'స్నేహసేతువు' అనుట మేలు.

ఈ సేతువులలో నొకదాని జన్యువు చెడుటచే ఎఱ్ఱకణములు ముళ్లు తేలి, రోగి యవయవములు వశము దప్పి కదలు వ్యాధి కలుగునని 2001లోనే తెలిసినది. ఆ జన్యువు చేయు పని యేమో తెలియుటకు మఱి పదునేడేండ్లు పట్టినది. దాని సోదరజన్యువు వి.పి.ఎస్.13సి చెడినవారికి పార్కిన్‌సన్ వ్యాధి చిన్నవయస్సుననే సంక్రమించుచున్నది.