ఒంటరి సాహసం, గట్టు మీది జనం

కౌమార వయసులో ఉన్న బిడ్డ ఒంటరిగా సముద్రం దాటుతానన్నా, మోటారు సైకిలు మీద దేశం చుట్టి వస్తానన్నా తల్లిదండ్రులను ముందుగా భయపెట్టేది ఆ ప్రయాణంలో తోడు ఎవరూ లేకపోవడమే. నలుగురు కలిసి ఉంటే ప్రమాదం తగ్గుతుందన్న నమ్మకం ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, ఒంటరి ప్రయాణానికి ససేమిరా అన్న ఇంట్లోనే స్నేహితులతో జలపాతానికి వెళ్లడానికి మరో ప్రశ్న లేకుండా అనుమతి దొరుకుతుంది. ఈ నమ్మకానికి మనస్తత్వ శాస్త్రం ఇచ్చే మద్దతు తక్కువ, ప్రమాదాల చరిత్ర ఇచ్చేది ఇంకా తక్కువ.

అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన లారెన్స్ స్టైన్‌బర్గ్, మార్గో గార్డ్‌నర్‌తో కలిసి 2005లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించాడు. అందులో పాల్గొన్నవారు కంప్యూటర్ తెర మీద కారు నడపాలి. పసుపుపచ్చ దీపం వెలిగాక ఎంత దూరం పోతే అన్ని పాయింట్లు వస్తాయి, కానీ ఎర్ర దీపం పడేలోగా ఆగకపోతే గుద్దుకొని సంపాదించినది పోగొట్టుకోవచ్చు. ఒంటరిగా ఆడినప్పుడు పదమూడు నుంచి పదహారేళ్ల వారి ఆటకూ పెద్దల ఆటకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తోటివారు పక్కన ఉన్నప్పుడు మాత్రం కౌమారుల దూకుడు బాగా పెరిగింది, పెద్దలది దాదాపు ఉన్నచోటనే ఉంది. 2011లో జేసన్ షైన్ బృందం ఇలాంటి ఆటనే మెదడును చిత్రించే యంత్రంలో ఆడించింది. స్నేహితులు మరో గదిలో కూర్చుని చూస్తున్నారని తెలిసినంత మాత్రానే కౌమారుల మెదడులో ప్రతిఫలాన్ని, అంటే దక్కబోయే లాభాన్నీ ఆనందాన్నీ లెక్కగట్టే భాగాలు మరింత చురుకయ్యాయి. స్నేహితులు రెచ్చగొట్టే మాట ఒక్కటీ అనవలసిన అవసరం లేకపోయింది, వారు చూస్తున్నారన్న ఎరుకే సరిపోయింది.

దీనికి కారణంగా శాస్త్రవేత్తలు చెప్పేది మెదడులోని రెండు వ్యవస్థలు ఒకే వేగంతో పక్వం కాకపోవడం. ప్రతిఫలం కోసం ఉరికే వ్యవస్థ యౌవనారంభంలోనే పదునెక్కుతుంది. దానికి కళ్లెం వేసే నుదుటి వెనుక భాగం ఇరవై ఏళ్లు దాటాక గానీ పూర్తిగా స్థిరపడదు. అందువల్ల పదహారేళ్ల పిల్ల తీరిగ్గా కూర్చుని పటం చూసి ఆలోచిస్తే పెద్దవారితో సమానంగా తర్కించగలదు, అదే పిల్ల నలుగురి ముందు ఉద్వేగంలో ఉన్నప్పుడు ఆ తర్కాన్ని నిలుపుకోవడం కష్టం.

ఈ తేడాను పాతకాలపు పల్లెల్లో బావిలో ఈత నేర్పిన పద్ధతి చక్కగా చూపిస్తుంది. పిల్లవాడి వీపుకు ఎండు సొరకాయ బుర్రలో, బెండ్లో కట్టి నీళ్లలోకి దింపి, ఒడుపు తెలిసేకొద్దీ ఒక్కొక్కటే విప్పేసేవారు. చివరి బెండు ఏ రోజు తీయాలో నేర్పేవాడికి పిల్లవాడి ఊపిరి చూస్తే తెలిసేది. గట్టు మీద జనం చేరి చప్పట్లు కొడుతుంటే మాత్రం ఇంకా రెండు బెండ్లు ఉండవలసిన పిల్లవాడు అన్నీ విప్పేసి దూకేస్తాడు. అలాగని నీటి దగ్గరికే పోనివ్వకపోవడమూ రక్షణ కాదు. జాతకంలో నీటి గండం ఉందని బిడ్డను చెరువు దరిదాపులకు కూడా పోనివ్వని కుటుంబాలు తెలుగు నేల మీద ఇప్పటికీ ఉన్నాయి. ఆ బిడ్డకు ఈత రాదు, ఈత రాని మనిషి ఎప్పుడో కాలువలో జారిపడితే మునుగుతాడు, అప్పుడు అందరూ జ్యోతిష్కుడి ప్రతిభనే మెచ్చుకుంటారు. శాంతి చేయించే ఖర్చుతో నెల రోజులు ఈత నేర్పిస్తే గండం అక్కడితో తీరుతుంది.

బెండ్లను వరుస తప్పకుండా విప్పిన ఉదాహరణ నెదర్లాండ్స్‌లో కనిపిస్తుంది. లారా డెకర్ పదమూడేళ్ల వయసులో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివస్తానని ప్రకటించినప్పుడు, తండ్రి సమ్మతించినా, 2009 ఆగస్టులో అక్కడి కోర్టు ఆమెను శిశు సంరక్షణ సంస్థ పర్యవేక్షణలో ఉంచింది. ఆ తర్వాతి నెలల్లో ఆమె మరింత పెద్దదైన, సామగ్రి మెరుగ్గా ఉన్న పడవను సమకూర్చుకొని, ప్రథమ చికిత్స నేర్చుకొని, నిద్ర లేమిని తట్టుకోవడం సాధన చేసింది. 2010 జూలైలో కోర్టు పర్యవేక్షణ ఎత్తివేసి నిర్ణయాన్ని తల్లిదండ్రులకే వదిలింది. రేవు రేవునా ఆగుతూ సాగిన ఆ యాత్ర 2012 జనవరి 21న, ఆమెకు పదహారేళ్లుండగా ముగిసింది. కోర్టు జోక్యం అప్పట్లో స్వేచ్ఛకు అడ్డంకిగా విమర్శ పొందినా, దానివల్ల దొరికిన ఏడాది వ్యవధి ప్రయాణానికి మేలే చేసింది.

వ్యవధి దొరకకుండా చేసేది 'అతి పిన్న వయసు' రికార్డు. మిగతా రికార్డుల కోసం వాతావరణం అనుకూలించేదాకా ఏడాది ఆగవచ్చు. వయసు రికార్డుకు మాత్రం పుట్టినరోజే గడువు కాబట్టి ఆగడమంటే ఓడిపోవడమే. అమెరికాకు చెందిన పదహారేళ్ల ఆబీ సండర్‌లాండ్ 2010 జనవరిలో ఎక్కడా ఆగకుండా ప్రపంచం చుట్టాలని బయలుదేరింది; పడవను స్వయంగా నడిపే యంత్రం మొరాయించడంతో మేలో కేప్‌టౌన్‌లో ఆగవలసి వచ్చింది, ఆగని యాత్ర అన్న లక్ష్యం అక్కడే చేజారింది. అయినా దక్షిణార్ధ గోళంలో చలికాలం మొదలవుతున్న సమయంలో హిందూ మహాసముద్రంలోకి సాగింది, జూన్ 10న పెద్ద అలలకు తెరచాప కొయ్య విరిగింది, రెండు రోజుల తర్వాత ఒక ఫ్రెంచి చేపల ఓడ ఆమెను కాపాడింది. నావికురాలిగా ఆమె నేర్పును శంకించినవారు తక్కువ. నిపుణులు ఎక్కువగా తప్పుపట్టింది ఆమె ఎంచుకున్న రుతువును.

ఇంకా విషాదకరమైనది 1996 ఏప్రిల్ నాటి జెస్సికా డుబ్రాఫ్ ఉదంతం. ఏడేళ్ల ఆ పాప శిక్షకుడితో, తండ్రితో కలిసి చిన్న విమానాన్ని నడుపుతూ అమెరికాను ఒక కొస నుంచి మరో కొసకు దాటే ప్రయత్నంలో ఉన్నప్పుడు, వయోమింగ్ రాష్ట్రంలోని షయాన్ వద్ద గాలివాన ముంచుకొస్తుండగా విమానం లేచి కూలిపోయింది, ముగ్గురూ మరణించారు. చెడుతున్న వాతావరణంలో, మోయదగినదానికి మించిన బరువుతో బయలుదేరాలన్న శిక్షకుడి నిర్ణయమే ప్రమాదానికి హేతువని దర్యాప్తు సంస్థ తేల్చింది, పత్రికలకూ టీవీలకూ ఇచ్చిన మాట వల్ల కూడా బిగుసుకున్న కార్యక్రమ పట్టికను నిలబెట్టుకోవాలన్న ఆరాటం అందుకు తోడైందని చెప్పింది. ఆ ఏడాదే అమెరికా తెచ్చిన చట్టం పిల్లలు విమానాన్ని నడపడాన్ని మొత్తంగా నిషేధించలేదు. పైలట్ లైసెన్సు లేనివారి చేత రికార్డు కోసమో ప్రదర్శన కోసమో నడిపించడాన్ని నిషేధించింది. అంటే ఆ చట్టం గట్టు మీది చప్పట్లకు అడ్డుకట్ట వేసింది. గిన్నిస్ సంస్థ కూడా ఒంటరి నావికుల అతి పిన్న వయసు రికార్డులను గుర్తించడం మానుకుంది.

తెలుగు పాఠకులకు దగ్గరగా ఉన్న రెండు సంఘటనలు రెండు వారాల తేడాతో జరిగాయి. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. నేపాల్ వైపు పదహారేళ్ల కనీస వయసు నిబంధన ఉన్నందున టిబెట్ వైపు నుంచి వెళ్లింది. ఆమెకు వయసు రికార్డూ దక్కింది గానీ, దాని వెనుక భువనగిరి బండ, డార్జిలింగ్ శిక్షణ, లదాఖ్ చలి అన్న మెట్లు వరుసగా ఉన్నాయి. రికార్డు ఉన్నంత మాత్రాన ప్రతి ప్రయత్నం నిర్లక్ష్యమని తీర్మానించకూడదు. జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో, హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు లార్జీ జలాశయం నుంచి హఠాత్తుగా వదిలిన నీటికి కొట్టుకుపోయారు. అది విద్యార్థుల దుస్సాహసం కాదు, నీటి విడుదలను ముందుగా తెలియజేసే వ్యవస్థ లోపం. కానీ నది స్వభావం తెలియని చోట తోడున్నవారి సంఖ్య ఎవరినీ కాపాడదన్న సంగతిని అది నిర్దాక్షిణ్యంగా నిరూపించింది.

కాబట్టి తల్లిదండ్రులు బిడ్డ వయసుతో, ఒంటరితనంతో లెక్క ప్రారంభించనవసరం లేదు. ఇంతకంటే చిన్నదైన ఇలాంటి ప్రయాణాన్ని బిడ్డ ఇప్పటికే పూర్తి చేసిందా, వాతావరణం బాగాలేకపోతే నెల రోజులు ఆగడానికి వీలుందా, సగం దారిలో వెనుదిరిగితే డబ్బు పెట్టినవారు గానీ ఊరివారు గానీ నొచ్చుకుంటారా అన్నవి తేలితే తక్కిన నిర్ణయం సులువవుతుంది. మొదటి రెండింటికీ అవునని, మూడోదానికి లేదని జవాబు వస్తే పదహారేళ్ల బిడ్డను అడ్డుకోవడానికి భయం తప్ప వేరే కారణం మిగలదు. అలా అనుమతించిన తల్లిదండ్రులు తమవైపు నుంచి పాటించవలసిన షరతు కూడా ఒకటుంది: బిడ్డ ఇల్లు చేరేదాకా ఆ ప్రయాణం గురించి బంధువుల వాట్సాప్ గుంపులో ఒక్క ఫోటో కూడా పెట్టకూడదు.